ప్రజాధనం – ప్రయాణభత్యం – జవాబుదారీతనం

ప్రభుత్వోద్యోగి విధినిర్వహణకై పొరుగూరు వెళ్లినచో అతనికి ప్రయాణభత్యం, దినభత్యం లభించుట న్యాయమే. ప్రజలకై చేసిన ప్రయాణాన్ని అతడు తన సంసారపు సొమ్ముతో చేయనక్కరలేదు. కాని వెళ్లని ఊరికి వెళ్లినట్లు, బస్సులో పోయి కారులో పోయినట్లు బిల్లు వ్రాసినచో నష్టపోయేది ఎవరు? విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

పన్ను కట్టేవారనగానే మనకు ధనవంతులు, వ్యాపారులు స్ఫురిస్తారు. కాని ఆబిడ్స్‌లో చెప్పుల జత కొన్న విద్యార్థి కూడా పన్ను కట్టినవాడే. 2017 జూలై 1 నుండి అమలులోనున్న వస్తుసేవల పన్నులో, రాష్ట్రం లోపలి అమ్మకాలపై వచ్చేదానిలో సగం రాష్ట్రానికి చెందుతుంది. ఆ ఆదాయం రాజ్యాంగం 266వ అధికరణం ప్రకారం సంచితనిధిలో చేరుతుంది. చట్టానుసారంగా తప్ప అందులోనుండి పైసా తీయరాదు.

ఇక బిల్లు నడిచే మార్గం చూద్దాం. ఉద్యోగి తాను వెళ్లిన తేదీలు, స్థలాలు, పని వివరాలు వ్రాసి సంతకం చేస్తాడు. పై అధికారి ప్రతిసంతకం చేస్తాడు. తరువాత అది ట్రెజరీకి గాని, పే అండ్ అకౌంట్స్ కార్యాలయానికి గాని పోతుంది. ఆపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తనిఖీ ఉన్నది. రాజ్యాంగంలో 148 నుండి 151 వరకు గల అధికరణాలు ఆ పదవికి సంబంధించినవే. ఆయన నివేదిక గవర్నరు ద్వారా శాసనసభకు చేరుతుంది. ప్రజాపద్దుల సంఘం దానిని పరిశీలిస్తుంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ చెంతనున్న శాసనసభా భవనం మనకు కూతవేటు దూరమే గదా!

ఇన్ని తలుపులున్నా దొంగ బిల్లు ఎట్లా దూరుతుంది? తనిఖీదారులు ప్రతి బిల్లునూ చూడలేరు. కొన్నింటిని ఎన్నుకొని చూస్తారు. వారు చూసేది ప్రధానంగా కాగితాన్ని. కాగితం సక్రమంగా ఉండుట వేరు, ప్రయాణం నిజంగా జరుగుట వేరు. ఉద్యోగులు ధనాన్ని అపహరించే మార్గాలు నలభై అని కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో లెక్కించాడు. రోగం పాతదే.

దీనికి ఒక మందు ఉన్నది. 2005 నాటి ఉపాధిహామీ చట్టం 17వ విభాగం గ్రామసభచే సామాజిక తనిఖీని విధించినది. 2006 నుండి ఆంధ్రప్రదేశ్‌లో దానిని విస్తృతంగా ఆచరణలో పెట్టారు. కూలీల హాజరుపట్టీలను ఊరి నడుమ బిగ్గరగా చదువుతారు. పేరున్న కూలీయే లేచి, “నేను ఆనాడు పనికి పోలేదు” అని చెప్పవచ్చును. అక్కడ సాక్షి మనిషి, కాగితం కాదు. ప్రయాణభత్యానికి మాత్రం సాక్షులు లేరా? తనిఖీ చేసినట్లు వ్రాసిన బడి, వసతిగృహం, ఆసుపత్రి ఉన్నవి. పర్యటన వివరాలు అక్కడి గోడపై అతికించినచో నిజం తానే బయటపడును.

2005 అక్టోబరు 12 నుండి అమలులోనికి వచ్చిన సమాచార హక్కు చట్టం మన చేతిలోని మరియొక సాధనం. సాధారణంగా ముప్పది దినాలలో జవాబు ఇవ్వవలెను. అయితే చిక్కు లేకపోలేదు. ఉద్యోగి సర్వీసు వివరాలు వ్యక్తిగతమైనవనీ, విశాల ప్రజాహితముంటే తప్ప ఇవ్వనక్కరలేదనీ సుప్రీంకోర్టు 2012లో చెప్పినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ మినహాయింపును మరింత విస్తరింపజేసినది. ఐనా ప్రజాహితం అధికమైనచో సమాచారమివ్వవచ్చునన్న 8వ విభాగం రెండవ ఉపవిభాగం నిలిచే ఉన్నది. ఉద్యోగి జబ్బు, కుటుంబం అతని సొంత విషయాలు. ప్రజల సొమ్ముతో చేసిన ప్రయాణం అట్టిది కాదు. ఈ భేదాన్ని మనం గట్టిగా నిలుపుకొనవలెను.

ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ సొంత మాటలు మొదలుకాగానే బైతుల్‌మాల్ నూనెతో వెలిగే దీపాన్ని ఆర్పివేసేవాడని గాథ కలదు. ఆ నూనె ఎంతటిది? విలువ నూనెలో లేదు, హద్దును గుర్తించుటలో ఉన్నది.

నేటి విద్యార్థులే రేపటి గుమాస్తాలు, ఉపాధ్యాయులు, అధికారులు. కావున అభ్యాసం ఇక్కడే మొదలుకావలెను. మన విహారయాత్ర, వార్షికోత్సవాల ఖర్చును రసీదులతో సహా నోటీసుబోర్డుపై ఉంచవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాను. మన లెక్క మనం చూపిన తరువాతనే ఇతరుల లెక్క అడుగుటకు నోరు వచ్చును.