గాజునారకు బదులు మొక్కనార

మట్టిగోడ పెట్టువాడు అందులో గడ్డి కలిపి త్రొక్కుట మనమెరిగినదే. మట్టి ఒత్తిడికి ఓర్చును గాని లాగుడుకు ఓర్వదు. గడ్డి లాగుడుకు ఓర్చును. యంత్రశాస్త్రములో కాంపోజిట్ అను సంయుక్త పదార్థము ఇట్టిదే. పడవలకు, నీటితొట్లకు వాడు ఫైబర్‌గ్లాసులో గడ్డికి మారు గాజునారయు, మట్టికి మారు పాలియెస్టరు రెజినును ఉండును.

గాజునారను తీయుటకు గాజును వేయి డిగ్రీల సెల్సియస్‌కు మించి కాచవలెను. అంత ఇంధనమేల యని పరిశోధకులు జనపనార, అవిసెనార, కిత్తనార, మన శ్రీకాకుళం, విజయనగరం రైతులెరిగిన గోగునారల వైపు చూచిరి. గాజునార ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు తూగగా, జనపనార సుమారు 1.4 గ్రాములే తూగును. బలమున ఇది చాల వెనుకబడునదే. అయినను వంపును ఎదిరించు బిగువు పలక మందము యొక్క ఘనమును బట్టి పెరుగును గనుక, అదే బరువునకు పలకను మందముగ చేసినచో బిగువులోని లోటు చాలవరకు తీరును. ఐరోపాలో కారు తలుపుల లోపలి పలకలకు మొక్కనార చేరుటకు ఇదియొక కారణము.

అసలు చిక్కు నారకును రెజినుకును వియ్యము కుదురుటలో నున్నది. నారలోని సెల్యులోజు నీటిని పిలుచును. పాలిమరు నీటిని దరిచేరనీయదు. తేమ పీల్చిన నార ఉబ్బి రెజినును విడిచిపెట్టును. పలుచని కాస్టిక్ సోడా ద్రావణములో నానబెట్టినచో పైమైనము తొలగి, నార గరుకై, పట్టు చిక్కును. మితిమీరి నానినచో నారయే చెడును. వేడి మరియొక హద్దు. సుమారు 200 డిగ్రీలు దాటిన నార మాడనారంభించును. కావున 165 డిగ్రీల చెంత కరుగు పాలిప్రొపిలీను దీనికి అనుకూలము. 220 డిగ్రీల చెంత కరుగు నైలాన్-6తో పని కష్టము.

నార మొక్కదైనంత మాత్రమున వస్తువు మట్టిలో కలియునని భ్రమపడువారు ట్రాబంట్ కారును తలచుకొనవలెను. తూర్పు జర్మనీలోని త్స్వికావులో 1957 నుండి 1991 వరకు అట్టివి సుమారు 30 లక్షలు తయారైనవి. ఉక్కురేకు కొరతచే ప్రత్తి వ్యర్థములను ఫినాల్ రెజినుతో అదిమి దాని పైతొడుగు చేసిరి. అది త్రుప్పు పట్టదు; కాని ఒకమారు గట్టిపడిన ఫినాల్ రెజిను మరల కరుగదు. పారవేసిన కార్ల ఇనుమును కరిగింపవచ్చును గాని, ఆ తొడుగులను మరల పోతపోయ వీలులేదు.

మొక్కజొన్న పిండి నుండి చేయు పాలిలాక్టిక్ ఆమ్లము ఈ లోపమును కొంత తీర్చును. సుమారు 60 డిగ్రీల వేడి నిలుపు కంపోస్టు కర్మాగారములో అది శిథిలమగును. పెరటి ఎరువుగుంటలో అంత సులభముగ కాదు. పైగా అదే 60 డిగ్రీల చెంత అది మెత్తబడును. మన వేసవియెండలో అద్దములు మూసి నిలిపిన కారు లోపల ఆ వేడి అరుదుగాదు.