పట్టేసిన స్టీరింగ్‌కు రెండు సుత్తులు

సంగం జాగర్లమూడి చుట్టుపక్కల పాత కార్లు రెండు రకాలుగా పాడవుతాయి. కాలవ గట్ల మీదా చేల దారుల్లోనూ తిరిగిన బండికి అడుగున నల్లమట్టి పట్టి, ఎండి, వానకు మళ్లీ నాని, ఏళ్ల తరబడి అక్కడే పెచ్చుగట్టి ఉంటుంది. బాపట్ల వైపు నుంచి వచ్చిన బండిది వేరే రోగం. సూర్యలంక ఉప్పుగాలి తిన్న ఆ బండి పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. నట్టు మీద స్పానర్ పెట్టగానే తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. రెండింట్లోనూ ముందు మొండికేసేది స్టీరింగే.

పట్టేసిన స్టీరింగ్ విప్పే పని ఇప్పుడెవరిక్కావాలని కుర్ర మెకానిక్కులు అనుకుంటారు. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆగింది 2014లోనే. కానీ తాతగారి బండిని అమ్మలేక షెడ్డులో ఉంచినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన బళ్లకు ‘వీఏ’ అక్షరాలతో వేరే నంబరు ఇచ్చే వీలు కల్పించింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000. చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చి ఉండకూడదు. అంత ఖర్చుపెట్టి పాతదనాన్ని కాపాడుకునే మనిషికి బిగించేవాడి కంటే, చెడగొట్టకుండా విప్పేవాడి అవసరమే ఎక్కువ.

నేను విప్పడం నేర్చుకుంది చెడగొట్టే. పెళ్లి ముందురోజు ఒక అంబాసిడర్ వచ్చింది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివరి బాల్ జాయింట్ మార్చాలి. నట్టు పూర్తిగా తీసేసి, పిన్ను కొన మీద పెద్ద సుత్తితో మోదడం మొదలుపెట్టాను. గంట కొట్టాను. యజమాని నులకమంచం మీద కూర్చుని చూస్తూ, ‘‘ఏరా అబ్బాయ్, మేకు పీకుతున్నావా, దించుతున్నావా?’’ అన్నాడు. అప్పటికే పిన్ను కొస పుట్టగొడుగులా విచ్చుకుంది. ఇక అది కన్నంలోంచి కిందికీ దిగదు, పైన నట్టూ ఎక్కదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ పరిగెత్తాను. పెళ్లికొడుకు ఆటోలో వెళ్లాడు.

అక్కడ నాకు తెలియనిది ఒక్కటే. ఆ పిన్ను టేపరు. అంటే బంతి వైపు నుంచి నట్టు వైపుకు సన్నబడుతూ, అదే ఏటవాలున్న కన్నంలో కూర్చుంటుంది. వంటింట్లో స్టీలు గ్లాసులో గ్లాసు ఇరుక్కున్నప్పుడు మీ అమ్మ ఏం చేస్తుందో గుర్తుచేసుకోండి. లాగితే రాదు. బయటి గ్లాసు అంచు మీద పక్కనుంచి నాలుగు దెబ్బలు తడుతుంది, చటుక్కున ఊడివస్తుంది. టై రాడ్ ఎండ్‌కైనా అదే వైద్యం. పిన్ను ఇరుక్కున్న స్టీరింగ్ ఆర్మ్ తలకు ఒకవైపు బరువైన సుత్తి ఆనించి పట్టుకోవాలి. సరిగ్గా దానికి ఎదురుగా రెండో సుత్తితో గట్టిగా కొట్టాలి. ఆ దెబ్బకు గుండ్రటి కన్నం క్షణం పాటు కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్లి వస్తుంది, పిన్ను పట్టు వదులుతుంది. చెవికి కూడా తెలుస్తుంది. అప్పటిదాకా ‘ఠంగ్’మన్న దెబ్బ ఒక్కసారిగా ‘థప్’మంటుంది.

నట్టును మాత్రం పూర్తిగా తీయకండి. మూడు నాలుగు మరలు పట్టేలా ఉంచండి. మరలు చెడవు, వదిలినప్పుడు రాడ్డు ఎగిరి ముఖాన కొట్టదు. మర తిప్పి ఊడదీసే పుల్లర్ ఉంటే ముందు దాన్ని బిగించి, ఆ బిగువు మీదే పక్కనుంచి కొట్టండి. పుల్లర్ ఒక్కదానితోనే తీయాలని పట్టుబడితే ఎక్కువసార్లు పుల్లరే వంగుతుంది. రెండు కొమ్ముల ఫోర్కును దూర్చి కొట్టేవాళ్లున్నారు. దానికి జాయింటు మీది రబ్బరు బూటు చిరగక తప్పదు, కాబట్టి ఎలాగూ పారేసే జాయింటుకే వాడండి.

నూనె సంగతి. తుప్పు విడగొట్టే స్ప్రే దొరికితే మంచిదే. లేకపోతే ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ నూనె, ఎసిటోన్ సగం సగం కలిపిన మందు చాలా షెడ్డుల్లో నడుస్తోంది. ఎసిటోన్ ఇట్టే అంటుకుంటుంది, కాబట్టి దాని దగ్గర బీడీ వెలిగించకండి, గ్యాసు కట్టర్ వాడబోయే చోట అది పోయనే వద్దు. ఏదైనా సాయంత్రం పోసి, పొద్దున చేయి వేయండి. ముందు వైరు బ్రష్షుతో మట్టి గీకాలి. పెచ్చు మీద పోసిన నూనెను పెచ్చే తాగుతుంది.

గ్యాసు కట్టర్ అంటే మనవాళ్లకు మహా సరదా. ఇరుక్కున్న గ్లాసుల్లో బయటిదాన్ని వేణ్నీళ్లలో పెట్టినట్టు, వేడి తగలాల్సింది బయటి లోహానికే. కానీ స్టీరింగ్ ఆర్మ్ సాగగొట్టి గట్టిపరచిన ఉక్కు. ఎర్రగా కాలిస్తే దాని బలం పోతుంది, ఆ సంగతి పైకి కనిపించదు. జాయింటులో మూసి ఉన్న గ్రీజు వేడికి పొంగి బూటు చీల్చుకుని పేలవచ్చు కూడా. నేనైతే స్టీరింగ్ జోలికి మంట తీసుకెళ్లను. తుప్పుతో కరిగిపోయిన నట్టును రంపంతో పక్కనుంచి కోస్తాను. గంట పడుతుంది, పట్టనీ.

అంబాసిడర్‌ది ర్యాక్ స్టీరింగ్. ప్రీమియర్ పద్మినిలో స్టీరింగ్ బాక్సు, దాని కింద డ్రాప్ ఆర్మ్ ఉంటాయి. ఆ ఆర్మ్ పళ్ల షాఫ్టుకు బిగిసి ఉంటుంది. విప్పే ముందు షాఫ్టు మీదా ఆర్మ్ మీదా ఒకే గీతలో పంచ్ గుర్తు పెట్టండి, లేకుంటే ఒక పన్ను అటో ఇటో ఎక్కి వీలు వంకరపోతుంది. షాఫ్టు కొన మీద మాత్రం కొట్టొద్దు, ఆ దెబ్బ బాక్సు లోపలికే పోతుంది. బలమైన పుల్లర్ బిగించి ఆర్మ్ తల పక్కనే కొట్టాలి. అప్పటికీ రాకపోతే టీ తాగి రండి. బిగువు మీద వదిలేసిన ఆర్మ్ నా ఎదుటే రెండుసార్లు దానంతటదే ఊడిపడింది.

స్టీరింగ్ వీలు కూడా అంతే మొండి. బ్యాటరీ తీగ తీసి, హారన్ బటన్ విప్పి, నట్టును షాఫ్టు కొసతో సమంగా ఉండేంత వదులుచేయండి. సీట్లో కూర్చుని మోకాళ్లతో వెనకనుంచి వీలును నెడుతూ అటూ ఇటూ ఆడించండి. నట్టు తీసేసి లాగితే వీలు వచ్చి మీ మూతికే తగులుతుంది. ఇదీ అనుభవమే.

విప్పేటప్పుడు రాడ్డు ఎండ్ ఎన్ని చుట్లకు వచ్చిందో సుద్దముక్కతో నేల మీద రాసుకోండి. మధ్యలో సర్దుబాటు గొట్టం ఉన్న రాడ్లకు ఒక చివర ఎడమ మర ఉంటుంది, దాన్ని మామూలు మరలాగే తిప్పి బిగించేసిన వాళ్లు లెక్కలేనంత మంది. జాకీ ఒక్కదాని మీదే బండిని నమ్మి కింద దూరడం వద్దు. స్టాండ్లు వేసి, వెనక చక్రాలకు అడ్డుపెట్టి, కళ్లద్దాలు పెట్టుకోండి.

ఇక డబ్బు మాట. సుత్తి ఎత్తక ముందే చెప్పండి: ‘‘బాబాయ్, ఇది పదేళ్లుగా కదల్లేదు. వస్తే గంటలో వస్తుంది, రాకపోతే రెండ్రోజులు. జాయింటు పోవచ్చు, దాని ఖర్చు నీదే.’’ పని మధ్యలో చెబితే ఆ మాటే బేరంలా వినిపిస్తుంది. పాత ముక్కలు అన్నీ ఆయన చేతికే ఇవ్వండి. తెనాలి సూర్య శిల్పశాలవాళ్లు ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. మీరు విరగ్గొట్టిన డ్రాప్ ఆర్మ్ అక్కడ ఎవరి విగ్రహంలోనో భుజం కావచ్చు, యజమానికి మాత్రం లెక్క చెప్పాలి.

తిరిగి బిగించేటప్పుడు టేపరు శుభ్రంగా, పొడిగా ఉండాలి. అక్కడ గ్రీజు రాయకండి. నట్టు గాడి, పిన్ను కన్నం కలవకపోతే ఇంకాస్త బిగించండి గానీ వెనక్కి వదలకండి. వాటిలో దూర్చే స్ప్లిట్ పిన్ను కొత్తదే వేయండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకురమ్మనండి. అప్పుడు నేనైతే బండి కింద దూరి ప్రతి నట్టూ ఒకసారి తడుముతాను. దానికి డబ్బు తీసుకోను, టీ మాత్రం తాగుతాను.