పైత్యరస నాళానికి దారి దొరకనప్పుడు



పచ్చకామెర్లు అనగానే మన డెల్టాలో ముందు పసరు మందు గుర్తుకొస్తుంది. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. కానీ పైత్యరస నాళంలో రాయో గడ్డో అడ్డుపడి వచ్చే కామెర్లు వేరు. ఒళ్ళంతా దురద, సున్నం రంగు మలం, ముదురు రంగు మూత్రం దీని గుర్తులు. ఇది పసరుకు లొంగదు. చలిజ్వరం కూడా తోడైతే ఒక్క రోజు ఆగినా ప్రమాదమే.

మేము జంతుశాస్త్రంలో పీజీ చదువుతున్నాం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు కాబట్టి పేటలో ఎవరి రిపోర్టులైనా మా చేతికే వస్తాయి. అందులో 'ఇ.ఆర్.సి.పి.' అని ఉంటే, అదేమిటో తెలియకుండానే అంగీకార పత్రం మీద వేలిముద్ర వేసేవాళ్ళను చూశాం. ఈ వ్యాసం అందుకే.

కాలేయం నుంచి పైత్యరస నాళం, క్లోమం నుంచి క్లోమ నాళం వచ్చి ఆంత్రమూలంలో సాధారణంగా ఒకే చిన్న బొడిపె దగ్గర తెరుచుకుంటాయి. రెండు బోదెలు ఒకే తూము దగ్గర కలిసినట్టన్నమాట. నోటి గుండా ఎండోస్కోపు పంపి, ఆ తూములోంచి సన్నని తీగను పైత్యరస నాళంలోకి ఎక్కించాలి. 1968లో అమెరికాలో మెక్యూన్ బృందం ఈ నాళాలకు మొదట దారి చూపింది. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు తూము కండరాన్ని కోసి రాళ్ళు తీయడం మొదలుపెట్టారు. మన తెలుగువారిలో ఈ విద్యకు పేరు తెచ్చిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి కర్నూలు వైద్య కళాశాల విద్యార్థి. ఆయనకు 2025లో పద్మ విభూషణ్ వచ్చింది.

చిక్కల్లా తీగ పక్క బోదెలోకి పోవడమే. క్లోమం సున్నితమైంది, పదే పదే పొడిస్తే వాచిపోతుంది. అందుకే ఐరోపా వైద్య సంఘం 2016లో ఒక లెక్క చెప్పింది. బొడిపెను అయిదుసార్లకు మించి తాకినా, అయిదు నిమిషాలు దాటినా, తీగ ఒకసారికి మించి క్లోమ నాళంలోకి పోయినా దాన్ని 'కష్టమైన దారి' అనాలి. అప్పుడు పద్ధతి మార్చాలి.

క్లోమంలోకి పోయిన తీగను అక్కడే ఉంచి, దాని పక్కనుంచి రెండో తీగను ఎక్కించడం ఒక పద్ధతి. కోత ఉండదు గానీ క్లోమం వాపు భయం ఎక్కువ, కనుక క్లోమ నాళంలో చిన్న గొట్టం పెట్టడం మంచిది. రెండోది సూది కత్తితో బొడిపెకు కాస్త పైన కోయడం. తూము తెరుచుకోకపోతే పైన గండి కొట్టినట్టు! క్లోమ నాళం నోటికి దూరంగా ఉంటుంది కాబట్టి దానికి దెబ్బ తక్కువ. అయితే రక్తస్రావం, పేగుకు చిల్లు పడే అవకాశం ఉన్నాయి. ఇది చెయ్యి తిరిగినవారి పని. చెయ్యి తిరిగిన వైద్యుడైతే, పొడిచి పొడిచి విసిగాక కాకుండా ముందే గండి కొట్టడం మేలని మేము చదివినదాన్ని బట్టి అనుకుంటున్నాం. బొడిపె మరీ చిన్నదైతే క్లోమ నాళం వైపు నుంచే కోసుకుంటూ వెళ్ళే పద్ధతి కూడా ఉంది.

ఇవేవీ కుదరకపోతే ఎగువ నుంచి రావాలి. అల్ట్రాసౌండ్ ఎండోస్కోపుతో పేగులోంచో, చర్మం మీద నుంచి కాలేయంలోకి సూది గుచ్చో తీగను కిందికి వదిలి, తూము దగ్గర అందుకుంటారు. చర్మం దారిలో కొన్నాళ్ళు బయట సంచీ మోయాల్సి రావచ్చు, కూలి పనికి వెళ్ళేవారికి అది చిన్న కష్టం కాదు. ఒక్కోసారి, అవసరం మరీ అత్యవసరం కాకపోతే, రెండు నాలుగు రోజులు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తే దారి దొరుకుతుంది కూడా. మొదటిసారి కాలేదని డాక్టరును తిట్టుకోనక్కరలేదు.

2012లో అమెరికాలో, ఎక్కువగా వాపు భయం ఉన్న 602 మందిపై ఒక పరీక్ష జరిగింది. మలద్వారంలో ఇండోమెథాసిన్ మందు పెడితే క్లోమం వాపు 16.9 శాతం నుంచి 9.2 శాతానికి తగ్గింది. ఇది ఖరీదైన మందేమీ కాదు. సంతకం పెట్టేముందు "ఇది పెడతారా అండీ?" అని అడగండి. ఇంతకుముందు మందులు పడకపోయినా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పండి. పని అయ్యాక ఆ రాత్రి పైకడుపు నొప్పి వెన్నులోకి పాకితే, గ్యాస్ అనుకుని సోడా తాగించకుండా వెంటనే నర్సమ్మను పిలవండి.