ఉన్నత పాఠశాలలలో వ్యవసాయ, గృహవిజ్ఞాన సంఘములు

మన సహకార సంఘ సభ్యులలో పలువురి బిడ్డలు ఉన్నత పాఠశాలలలో చదువుచున్నారు. గణితము, చరిత్ర, ప్రకృతిశాస్త్రము వారికి బోధింపబడుచున్నవి. కాని తమ యింటిలో నిలువయున్న విత్తనము మొలచునో మొలవదో పరీక్షించు విధము వారిలో పెక్కుర కెరుక లేదు. ఈ లోపమును తీర్చుటకే అన్యదేశములలో విద్యార్థి సంఘములు పుట్టినవి. వాని వృత్తాంతమును, కరీంనగరము ఆదిలాబాదు ప్రాంతములలో వానిని నడుపదగిన తీరును ఈ పాఠమున వివరింతుము.

1902 జనవరిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఎ. బి. గ్రాహం అను పాఠశాలాధికారి బాలబాలికలను చేర్చి, మొక్కజొన్న పెంచుట, నేల గుణము పరీక్షించుట మొదలగు పనులు నేర్పనారంభించెను. ఆ కాలపు పెద్దరైతులు పరిశోధకుల మాటను సులభముగా నమ్మువారు కారు. అయినను కన్నకొడుకే పెరటి మడిలో తనకంటె మిన్నగా పండించినచో ఏ తండ్రి చూడనట్లుండగలడు? 1910లో దక్షిణ కరోలినా రాష్ట్రమున జెర్రీ మూర్ అను బాలుడొక యెకరమున 228 బుషెళ్లకు పైగా మొక్కజొన్న తీసెను. మన తూకమున నది దాదాపు 58 క్వింటాళ్లు. ఆ యేటనే ఆ రాష్ట్రముననే మేరీ క్రోమర్ అను ఉపాధ్యాయిని బాలికల సంఘము నొకదానిని నెలకొల్పి, ఒక్కొక్కరిచేత యెకరములో పదవవంతు, అనగా మన నాలుగు గుంటలు, టమాట వేయించి, ఆ పండ్లను డబ్బాలలో నిలువచేయుట నేర్పెను.

1928లో భావి రైతుల సంఘమును, 1945లో భావి గృహిణుల సంఘమును ఆ దేశమున జాతీయ సంస్థలుగా వెలసినవి. 1969 వరకు మొదటిదానిలో బాలికలకు సభ్యత్వమే లేకుండెను. నాట్లు, కలుపు, పత్తి ఏరుట స్త్రీల చేతిమీదుగనే జరుగు మన సీమలో అట్టి విభజన చేసినచో నవ్వులపాలగుదుము. బాలురకు గృహవిజ్ఞానమును, బాలికలకు వ్యవసాయమును గూడ నేర్పవలెననియే మా యభిప్రాయము.

మన ప్రాంతమునకు ఇట్టి ప్రయత్నములు క్రొత్తవి కావు. 1943లో హైమెండార్ఫు గారి పూనికచే ఆదిలాబాదు జిల్లాలోని మర్లవాయి గ్రామమున గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చు శిక్షణ కేంద్రము వెలసెను. గోండీ భాషలోనే వాచకములు సిద్ధపరచిరి. పిల్లవాని యింటి భాషయు, యింటి యెరుకయు చదువునకు పునాది కావలెనను సూత్రమును ఆ ప్రయత్నమునుండి మనము గ్రహింపవచ్చును. 2019లో కేంద్రప్రభుత్వము పాఠశాలలలో పోషకాహార తోటలు పెంచుటకు మార్గదర్శకములు వెలువరించెను. అట్టి తోటలోని కూర మధ్యాహ్న భోజనమునకు ఉపయోగపడును. కాని తోట యున్నంతమాత్రమున సంఘమున్నట్లు కాదు. తన మడి, తన ప్రశ్న, తన లెక్కల పుస్తకము అను నీ మూడును ప్రతి విద్యార్థికిని ఉన్ననాడే యది సంఘమగును.

ఒక ఉదాహరణము చూడుడు. సోయా విత్తనము పైపొర మిక్కిలి పలుచన. నూర్పిడిలో దెబ్బ తగిలినను, బస్తాలు ఒకదానిపై నొకటి ఎత్తుగా పేర్చినను మొలకశక్తి తగ్గును. విద్యార్థి యింటి విత్తనమునుండి ఏరకుండ నూరు గింజలు తీసికొని, తడిపి పిండిన గుడ్డపై వరుసగా పరచి, వదులుగా చుట్టి నీడను ఉంచవలెను. గుడ్డ ఆరిపోనీయరాదు, నీరు నిలువనీయరాదు. ఎనిమిదవ దినమున చక్కని మొలకలను మాత్రమే లెక్కింపవలెను. సోయాకు నూటికి 70 మొలకలు కనీస ప్రమాణము; వరికి 80, కందికి 75. సోయా మొలకలు 60 మాత్రమే వచ్చినవనుకొందము. ఎకరమునకు 30 కిలోలు చల్లు రైతు 35 కిలోలు వాడవలసియుండును. ముప్పదిని డెబ్బదిచే గుణించి అరువదిచే భాగించుటయే యిందలి గణితము. త్రైరాశికమును నల్లబల్లపై నేర్చిన పిల్లవాడు తండ్రికి ఈ లెక్క చెప్పిన దినమున, చదువు పొలమునకు పనికిరాదను మాట ఆ యింట మరి వినబడదు.

గృహవిజ్ఞానమనగా కుట్టుపని, వంటపని మాత్రమే యని తలంచుట పొరపాటు. తోటకూర విత్తిన నెలలోపల కోతకు వచ్చును. దానిపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము దేహమునకు చక్కగా పట్టును; భోజనమైన వెంటనే త్రాగు టీ దాని కడ్డుపడును. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసీ స్త్రీలు ఇప్పపువ్వుతో లడ్డులు చేసి అమ్ముచున్నారు. అడవి సరకు ఇంటి నేర్పుచే ఆహారమును ఆదాయమును అగుటకు ఇంతకంటె దగ్గరి నిదర్శనము వలదు.

ఇంటి పద్దు వ్రాయుట యంతకంటె ముఖ్యము. పత్తికి విత్తనమెంత, ఎరువెంత, మందెంత, కూలియెంత, తెచ్చిన అప్పునకు వడ్డీ యెంత యని విద్యార్థి వ్రాయును. తల్లి కలుపు తీసిన దినములను గూడ అందే చేర్చవలెను. కొందరు సభ్యులకు ఆ మొత్తము రుచింపకపోవచ్చును. లాభమనుకొన్నది ఇంటివారి కూలియే యని తేలునేమో! తేలిననాడే పంట మార్చుటయా, ఖర్చు తగ్గించుటయా యని ఆలోచింపవచ్చును.

ఒక హెచ్చరిక. సంఘము పేర పిల్లలచేత ఊరక చాకిరి చేయింపరాదు. పురుగుమందును వారిచేత ముట్టింపనే రాదు. పత్తి ఏరు దినములలో బడి మాన్పించి చేనికి తోలుకొనిపోవు తండ్రి, తన బిడ్డ సంఘములో నున్నాడని చెప్పుకొనుట తగదు.

సహకార సంఘములు చేయవలసినది కొంచెమే. బడికొక తరాజు, కొన్ని పద్దు పుస్తకములు, తోటకు నాలుగైదు రకముల విత్తనములు ఇచ్చిన చాలును. జమ్మికుంట, ఆదిలాబాదు కృషి విజ్ఞాన కేంద్రములకును, జగిత్యాల యొద్ద పొలాస పరిశోధన స్థానమునకును ఏడాదికొక మారు పిల్లలను తోడ్కొనిపోవచ్చును. 1956లో స్థాపితమై, 2016 వరకు కరీంనగరము జిల్లాలోనుండిన ములకనూరు సహకార గ్రామీణ బ్యాంకు విత్తన వరి పనిని చూపినను మేలు.

జూన్‌లో బడులు తెరచు వేళకు మృగశిర కార్తె వచ్చియుండును. విత్తన పరీక్షకు అంతవరకు ఆగిన ఆలస్యమగును. కావున వేసవి సెలవులకు ముందే విద్యార్థుల పేర్లు వ్రాసికొని, మే నెల చివరి వారమున గుడ్డలను తడుపవలెను. ఫలితముల పట్టికను సంఘ కార్యాలయపు గోడకు అంటించినచో విత్తనము కొనబోవు సభ్యు లెల్లరును చూచుకొందురు.