పాల సంఘము – వాడ బాగు : పాలకవర్గాలు గమనించవలసిన విషయాలు

శంషాబాద్ పరిసరాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడు పాలకవర్గ సభ్యులు మమ్ములను తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. వాడలో మోరీ పని, పేడ ఎత్తివేసే పని వంటివి సంఘం తలకెత్తుకోవచ్చునా, ఎత్తుకుంటే ఎట్లా నడపాలి అని. ఈ పాఠం వారి కోసం వ్రాస్తున్నాము.

ఎత్తుకోవచ్చును. 1995లో మాంచెస్టరులో అంతర్జాతీయ సహకార సమాఖ్య ఆమోదించిన ఏడు సూత్రాలలో చివరిది సమాజం పట్ల శ్రద్ధ. అయితే ఈ ప్రాంతంలో ఇది సూత్రం కోసం చేసే పని కాదు, సంఘం బ్రతుకు కోసం చేసే పని. 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైంది. దానికి ఐదు వేల ఎకరాలకు పైగా భూమి పోయింది. వెనుకనే ఔటర్ రింగు రోడ్డు, వెంచర్లు వచ్చినవి. పశువులు మేసిన బీళ్ళు ప్లాట్లయినవి. బర్రెల కొట్టం పక్కనే మూడంతస్తుల ఇల్లు లేచింది. ఆ ఇంటివారికి తెల్లవారితే చిక్కటి పాలు కావాలి, పేడ వాసన మాత్రం వద్దు. వారిది తప్పని అనలేము. పేడనీళ్ళు మోరీలోకి వదిలితే దోమలు వారి ఇంటికీ మన ఇంటికీ తేడా చూడవు. వాడ పశువులకు ఎదురు తిరిగిననాడు బర్రెలు అంగడికి పోతవి, సంఘానికి బోర్డు మాత్రమే మిగులుతుంది.

మరొక సంగతి. 2018లో శంషాబాద్ పురపాలక సంఘమైంది. పంచాయతీతోపాటు గ్రామసభ కూడా పోయింది. 2019 పురపాలక చట్టంలో వార్డు కమిటీలు ఉన్నవి. కాని నలుగురు కూర్చొని లెక్క అడిగే అలవాటు, మా అనుభవంలో, పాల సంఘం సర్వసభ్య సమావేశంలోనే నిలిచి ఉన్నది. సంఘం వాడకు ఇవ్వగలిగింది సొమ్ముకంటె ముందు ఈ అలవాటునే.

ఈ విద్య మన నగరానికి కొత్త కాదు. హైదరాబాద్ నగరపాలక సంస్థ 1967లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలుపెట్టింది. తరువాత యూనిసెఫ్ సాయం కూడా అందింది. ఆ పథకపు ఉద్యోగులు సిమెంటు మోసుకొని బస్తీలకు పోలేదు. ముందు మీకు ఏది కావాలని అడిగారు. బాలవాడీ, కుట్టు శిక్షణ వంటి చిన్న పనులతో నమ్మకం కుదిరింది. బస్తీవారు తమ వంతు చేయి కలిపారు. 1970 దశకం చివరికి పట్టాలు, బ్యాంకు అప్పులు తోడై ఇళ్ళు కట్టుకొనేదాకా ఆ పని పోయింది. మొదటి రోజే ఇళ్ళ మాట ఎత్తి ఉంటే ఎవరూ నమ్మి ఉండేవారు కారు.

మన సంఘాలు మొదట తేల్చుకోవలసింది వాడ అంటే ఎవరు అన్నది. సభ్యత్వ రిజిస్టరే వాడ కాదు. కాలినడకన తిరిగి ఇళ్ళ జాబితా వ్రాయండి. కిరాయికి ఉండే విమానాశ్రయ కార్మికులు, పరరాష్ట్రాల కూలీలు, కొత్త కాలనీవారు, బర్రెలు అమ్ముకున్న పాత సభ్యులు అందులో ఉండాలి. పాలు పిండేది ఇల్లాలు, పాసుపుస్తకం ఇంటాయన పేర ఉంటుంది. పిలుపు ఆమెకు కూడా పోవాలి. సమావేశం సాయంత్రం పాలు పోసిన తరువాత పెడితేనే ఆమె రాగలదు.

ఇక పని ఎంపిక. పెద్ద మోరీ, రోడ్డు పన్ను తీసుకొనే పురపాలక అధికారుల బాధ్యత. దానికి అందరి సంతకాలతో అర్జీ పెట్టి, రసీదు తీసుకొని, వెంటబడాలి. ప్రజల చందాతో ఆ పని చేయించడం మా దృష్టిలో తెలివైన పని కాదు. పేడ గుంట, పేడ బండి, మోరీకి జాలీలు – ఇట్టివి వాడ చేసుకోదగినవి. వీటిలో ఒక్కటే పట్టుకోండి.

సొమ్ము విషయంలో మాత్రం మేము కటువుగానే చెబుతాము. పాల డబ్బుతో వాడ డబ్బు కలపరాదు. బ్యాంకులో వేరే ఖాతా తెరవాలి. సంతకం చేసే ఇద్దరిలో ఒకరు సంఘ సభ్యులు కానివారైతే మేలు. వాటా ధనం, ఉత్పత్తిదారులకు ఇవ్వవలసిన సొమ్ము ముట్టరాదు. నికర లాభంలో చట్టం, ఉపవిధులు అనుమతించిన మేరకు, సర్వసభ్య సమావేశం తీర్మానంతోనే ఇవ్వాలి. వ్రాతపూర్వకమైన అంగీకారం లేనిదే పాల బిల్లులో కోత విధించరాదు. ప్రతి ఇల్లూ ఎంతో కొంత ఇవ్వాలి. ఇవ్వలేనివారు ఒక పూట పలుగు పట్టినా చందాయే.

పాల పరీక్ష సభ్యుని ఎదుట ఎందుకు చేస్తున్నాము? కార్యదర్శి చెప్పినందువల్ల కాదు, తాను చూచినందువల్ల సభ్యుడు ఫ్యాట్ అంకెను నమ్ముతాడు. వాడ లెక్క కూడా ఆ పక్క గోడమీదే వ్రాయాలి. ఒక సంఘంలో మోరీ పనికి వసూలైన సొమ్ముకంతా ఒకే ఓచరు చూచాము. ఎవరూ సొమ్ము తినలేదు, పనీ చక్కగానే జరిగింది. అయినా లెక్క కనబడలేదన్న కోపంతో ముగ్గురు సభ్యులు పాలు ప్రైవేటు వ్యాపారికి పోయడం మొదలుపెట్టారు. వారిని తిరిగి తేవడానికి పాలకవర్గానికి ఏడాది పట్టింది.

నాయకులను పిలవండి, కుర్చీ వేయండి; తీర్మానం మాత్రం వాడవారిదిగా ఉండాలి. (జాలీల ఖర్చుకంటె శిలాఫలకం ఖర్చు ఎక్కువైన చోట్లు కూడా ఉన్నవి.)

పని పూర్తి కాకముందే నిర్వహణ ఎవరిదో మినిట్సు పుస్తకంలో వ్రాసుకోవాలి. పేడ బండి తోలేవారి కూలి ఏ తేదీన ఇవ్వాలి, జాలీలు ఎవరు ఎత్తి కడగాలి, మృగశిర కార్తెకు ముందు మోరీ పూడిక తీయించే ఇద్దరు ఎవరు – పేర్లతో సహా వ్రాయాలి. తదుపరి తనిఖీలో ఆ పుట మేము అడిగి చూస్తాము.