కావలి రాత్రులు నేర్పినవి

టీవీలో ఎక్కడో అల్లర్లు చూపించినప్పుడల్లా మా అపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "తాతగారూ, తుపాకీ లైసెన్సు తీసుకుంటే మంచిదా?" నేను నిజాం కాలం చివర్లో చేర్యాల వైపు పల్లెలో పుట్టాను. హైదరాబాద్ క్రిమినల్ కోర్టుల్లో వకీలుగా జీవితం గడిచింది. ఊరిని కాపాడుకున్నవాళ్లను చూశాను. కాపాడుకోబోయి హత్య కేసులో బోనెక్కినవాళ్లనూ చూశాను. ప్రాణం మీదికొచ్చినప్పుడు తిరగబడే హక్కు మనిషికి ఉండి తీరాలన్నది నా నమ్మకం. దాని గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే మనసు చివుక్కుమంటుంది. అందుకే నాకు తెలిసింది రాసిపెడుతున్నాను.

1. ఆయుధం కన్నా ముందు కావలి.

1948లో నాకు పదేళ్లు. నిజాం పక్షపు రజాకార్లు ఎప్పుడు ఊరిమీద పడతారో తెలియని రోజులు. పిల్లలందరం వాగుకు పోయి వడిసెల రాళ్లు ఏరుకొచ్చేవాళ్లం. కోడిగుడ్డంత గుండ్రటి రాయి అయితేనే వడిసెలలో సరిగ్గా కూర్చుంటుంది. పలకరాయి తెస్తే పెద్దవాళ్లు చూసి అవతల పారేసేవారు. ఏరిన రాళ్లు బురుజు మీదికి తట్టల్లో చేరేవి. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలే వడిసెలే అప్పుడు ఊరి ఆయుధం. దానికి తోడు గుత్పలు, బరిసెలు, ఇళ్లల్లో దంచిపెట్టిన కారం, ఒకటో రెండో బర్మార్ తుపాకులు. బర్మార్ అంటే మందు కూరి, కడ్డీతో దట్టించి పేల్చేది. ఒకసారి పేలితే మళ్లీ సిద్ధమయ్యేలోపు శత్రువు ఇంటి ముందుంటాడు.

వాటితోనే నెలల తరబడి నిలబడ్డామంటే అది కావలి చలవ. బురుజు మీద నగారా పక్కన రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉండేవారు. ఈ రాత్రి ఎవరి వంతో ఊరందరికీ తెలుసు. నగారా మోగితే ముసలివాళ్లను, పసిపిల్లల తల్లులను ఎటు తీసుకుపోవాలో తెలుసు. పక్క ఊరివాళ్లు ఆ మోత విని బయల్దేరతారనీ తెలుసు. ఈనాడు అపార్ట్‌మెంట్లలో ఎదురింటివాళ్ల పేరు తెలియనివాడు తుపాకీ కొనాలంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

2. ఊరి ఆయుధం ఎంతవరకు పనికొస్తుందో తెలిసుండాలి.

భైరాన్‌పల్లి మాకు దూరం కాదు. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది. ఆ ఊరివాళ్లు రజాకార్లను ఒకటికి రెండుసార్లు తరిమికొట్టారు. ఆ కసితో 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలను వెంటబెట్టుకొని, ఫిరంగితో సహా వచ్చిపడ్డారు. బురుజు మీదున్నవాళ్లు మొదట నేలకూలారు. తర్వాత దాడికి వచ్చినవాళ్లు ఊళ్లోకి చొరబడి మగవాళ్లను బయటికి లాగి, వరసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్ల లెక్క ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు గానీ వందకు అటూఇటూ. ఆ తర్వాత మూడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయాడు.

ఆ ఊరివాళ్ల తెగువ ముందు ఎవరైనా తలవంచాల్సిందే. బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది, వెళ్లి చూడండి. కానీ అక్కడ నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. గుత్పలు, బర్మార్లు దోపిడీ మూకను ఆపగలిగాయి. సహాయం వచ్చేదాకా గడువు తెచ్చిపెట్టగలిగాయి. ఫిరంగి ఉన్న ప్రభుత్వం ఎదురైతే అవి చాలవు. ఇంట్లో తుపాకీ ఉంటే ఎవరినైనా ఎదిరించొచ్చనే మాట నమ్మకండి.

3. కర్ఫ్యూ రాత్రి వినిపించే మాటల్లో సగానికి సగం అబద్ధాలు.

1990 డిసెంబరులో హైదరాబాద్ తగలబడింది. కత్తిపోట్లు, కర్ఫ్యూ, వందకు పైగా శవాలు. మా బస్తీలో హిందువులం, ముస్లింలం కలిసే ఉండేవాళ్లం. రోజుకో పుకారు. ట్యాంకు నీళ్లలో విషం కలిపారన్నారు. లారీల నిండా జనం దిగుతున్నారన్నారు. ఎవరు చెప్పారని అడిగితే ఒక్కడి దగ్గరా జవాబు లేదు. మా పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. కబురు తెచ్చినవాడు తాను కళ్లారా చూశానని చెబితేనే కదలాలి, లేకపోతే ఎవరూ గుమ్మం దాటకూడదు. ఆ పద్ధతే మా వీధిని కాపాడిందని నేను ఇప్పటికీ అంటాను. ఇప్పుడు వాట్సాప్ వచ్చాక ఆ పద్ధతి మరీ అవసరం.

4. ఎదుటివాడు ఎవరో తెలిసేదాకా చెయ్యి ఎత్తొద్దు.

ఆ డిసెంబరులోనే ఒక రాత్రి. సందు మొదట్లో కర్రలతో కూర్చున్నాం. మాలో ఒక రిటైర్డ్ కాంట్రాక్టరు, ఆయన చేతిలో లైసెన్సున్న డబుల్ బ్యారెల్. కరెంటు లేదు. అవతలి మలుపు నుంచి ముగ్గురు గోడవారగా వస్తున్నారు, ఒకడి భుజాన మూట. "పెట్రోలు డబ్బాలు" అని ఎవరో గొణిగారు. కాంట్రాక్టరు గారు తుపాకీ ఎత్తారు. నా పక్కనున్న రహీం భాయ్, మా వీధి దర్జీ, ఆయన మోచెయ్యి పట్టుకొని, "ఆగుండ్రి సాబ్, అడుగుదాం" అని గట్టిగా కేకేశాడు: "ఎవరది? ఉన్నకాడ నిలబడుండ్రి! పేర్లు చెప్పుండ్రి!"

ముగ్గురూ ఉన్నచోటే కూలబడ్డారు. టార్చి వేస్తే చేతులనిండా, జుట్టునిండా మైదాపిండి. బేకరీ కుర్రాళ్లు. కర్ఫ్యూలో భట్టీ దగ్గరే ఇరుక్కుపోయి, ఆకలికి ఆగలేక ఇళ్లకు బయల్దేరారు. మూటలో మిగిలిపోయిన బన్నులు. ఒకడికి పదహారేళ్లు కూడా ఉండవు. వాడు ఏడుస్తూ మా చేతుల్లో బన్నులు పెట్టబోయాడు.

వెలుతురు వెయ్యడం, కేకెయ్యడం, పేరు అడగడం. వీటికి పట్టే సమయం అర నిమిషం.

5. తాగినవాణ్ని, పగతో రగులుతున్నవాణ్ని కావలికి కూర్చోబెట్టొద్దు. వాడు మీ తమ్ముడైనా సరే.

6. తుపాకులు దండిగా ఉన్న దేశంలోనూ ఇదే కథ.

1992 ఏప్రిల్ 29న అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో అల్లర్లు మొదలయ్యాయి. పోలీసులు కొరియన్ల పేటను వదిలేశారు. దుకాణదారులు తుపాకులతో మిద్దెలెక్కారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఎక్కేవాణ్నేమో, వాళ్లను తప్పుపట్టను. కానీ మర్నాడు రాత్రి, దుకాణాలను కాపాడటానికని కారులో బయల్దేరిన పద్దెనిమిదేళ్ల కొరియన్ కుర్రాడు ప్రాణాలు కోల్పోయాడు. లూటీకి వచ్చినవాడనుకొని సాటి కొరియన్లే కాల్చారని తర్వాత తేలింది.

విపత్తులోనూ అంతే. 2005 ఆగస్టు 29న కత్రినా తుపానుకు న్యూ ఆర్లీన్స్ నగరం ఎనభై శాతం మునిగింది. జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో శవాలు వందల్లో ఉన్నాయని ప్రచారం. తీరా చూస్తే ఆరు. అందులో నాలుగు సహజ మరణాలు. ఆ ప్రచారాలు నమ్మి, వరద నీళ్లు రాని ఆల్జియర్స్ పాయింట్ అనే పేటలో కొందరు తెల్లవాళ్లు వీధులకు అడ్డం కట్టి తుపాకులు పట్టారు. పడవరేవు దగ్గర సహాయ బస్సులున్నాయని నడిచి వెళ్తున్న నల్లజాతి యువకులను కాల్చారు. కాల్చినవాళ్లలో ఒకడికి శిక్ష పడేసరికి 2019 వచ్చింది. పదేళ్ల జైలు. ఊరికాపు పేరుతో జరిగిన నేరమది. కొత్త మొహం కనబడితే చాలు శత్రువనుకునే కావలి ఎక్కడైనా అక్కడికే చేరుతుంది.

7. వరదలో తుపాకీ కన్నా తాడు విలువైనది.

2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎందరో మునిగిన ఇళ్లు వదలలేక మిద్దెల మీదే పడుకున్నారు. దొంగల భయం. ఆ భయం నిజమే, కాదనను. దానికి మందు వీధికి నలుగురు వంతులవారీగా టార్చి, విజిల్ పట్టుకొని తిరగడం. సొమ్ము కోసం ముసలి తల్లిని నీళ్ల మధ్య ఉంచడం మాత్రం తప్పు.

8. చట్టం ఏమంటుందో ముందే చదువుకోండి.

మన చట్టం పిరికిది కాదు. ఐపీసీలో 96 నుంచి 106 వరకు ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 అయ్యాయి. ప్రాణానికి, మానానికి ముప్పు ఉంటే ఎదుటివాడి ప్రాణం తీసే దాకా హక్కు ఉంది. దోపిడీ జరిగినా, రాత్రిపూట ఇంటికి కన్నం వేసినా, ఉంటున్న ఇంటికి నిప్పు పెట్టినా ఉంది. 44వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. మూక చంపడానికి వస్తోంది, కాల్చకపోతే బతకవు, కాల్చితే గుంపులో కలిసిన పసిపిల్లలకు తగలొచ్చు. అలాంటి స్థితిలో కాల్చి పిల్లలకు హాని కలిగినా నేరం కాదన్నారు. చట్టం రాసినవాళ్లు ఎంత దూరం ఆలోచించారో చూడండి.

దానికి హద్దు 37వ సెక్షన్. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. అవసరానికి మించి ఒక్క దెబ్బా వెయ్యకూడదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రెండు మాటలూ చెప్పింది: చట్టానికి కట్టుబడినవాడు పిరికివాడిలా పారిపోనక్కర్లేదు, కానీ ఈ హక్కు పగ తీర్చుకోవడానికి కాదు. పారిపోతున్నవాడి వీపులో దిగిన తూటా గురించి జడ్జి అడిగితే ఏ వకీలు దగ్గరా జవాబుండదు. నేను వాదించిన కేసుల్లో ఓడినవి ఎక్కువగా అలాంటివే. మొదటి దెబ్బ న్యాయమే, మూడోదీ నాలుగోదీ కోపంతో వేసినవి.

9. ఆ తర్వాత కథ చాలా పొడుగు.

ఆత్మరక్షణకే చేశానని చూపించుకునే భారం మీదే. తుపాకీ సీజ్ అవుతుంది, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోతుంది. బెయిలు కోసం తిరగాలి, వాయిదాలకు తిరగాలి. దుకాణం మూతపడుతుంది. నిర్దోషిగా బయటికొచ్చిన నా క్లయింటు ఒకాయన తీర్పు రోజున నవ్వలేదు. ఆయన చేతిలో పోయినవాడిది పక్క బస్తీ. వాడి తల్లి కోర్టు వరండాలో కూర్చొని ఉంది.

ఇంత చెప్పాక కూడా లైసెన్సు కావాలంటే దరఖాస్తు పెట్టుకోండి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి అనుమతి లేదని, ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పమంటారని తెలుసుకోండి. దాన్ని పిల్లల చేతికందని చోట బీగం వేసి ఉంచండి. అంతకన్నా ముందు ఈ ఆదివారం మీ వీధివాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టండి. మతం, కులం చూడకుండా అందరినీ పిలవండి. ఎవరింట్లో మంచాన పడ్డవాళ్లున్నారో, రాత్రి డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చేది ఎవరో రాసుకోండి. ఆపద వస్తే మొదట 112కు ఫోన్ చేసేది ఎవరో, విజిల్ ఊదేది ఎవరో అక్కడే తేల్చుకోండి.