మా తర్వాత వాడికెవరు?

సమస్య: మా అబ్బాయికి 17 ఏళ్లు. మానసిక ఎదుగుదల తక్కువ. స్నానం, బట్టలు ఇప్పటికీ వాళ్లమ్మే చూస్తుంది. వాడు ఏపుగా ఎదిగాడు, ఆమెకేమో నడుము నొప్పి. నాది కిరాణా కొట్టు. పొద్దున ఆరింటికి తెరిస్తే రాత్రి పదింటికి మూస్తాను. వాడి పేర నాలుగు రూపాయలు వేయాలనే ఆరాటం. వాడు మాత్రం నేను ముట్టుకుంటే విదిలించుకుంటాడు. మేం పోయాక చెల్లెలే చూసుకుంటుందని బంధువులంటారు. దానికి 13 ఏళ్లు. నాకు నిద్ర పట్టడం లేదు.
- ఒక తండ్రి, వరంగల్

సలహా: అంతసేపు కొట్లో నిలబడేది వాడి కోసమేనని నాకు అర్థమైంది. వాడికి ఎలా తెలుస్తుందండీ? రోజూ అన్నం పెట్టే చేతులు, నీళ్లు పోసే చేతులే వాడికి తెలుసు.

అందుకే స్నానం పని మీరు తీసుకోండి. ఆమె నడుము సంగతి అటుంచి, మీసాలొస్తున్న కుర్రాడికి తలుపు వేసుకోవడం, ఒంటిని ఎవరు ముట్టుకోవచ్చో ఎవరు కూడదో నేర్పే వయసిది. తండ్రి నేర్పితే మేలు. మొదట వాళ్లమ్మ పక్కన ఉండగా నీళ్లు పోయడం వరకే చేయండి. రోజూ అదే వేళ, అదే చెంబు, అవే మాటలు. కొన్నాళ్లకు సబ్బు వాడి చేతికివ్వండి. విదిలించుకుంటే నొచ్చుకోకండి, కొత్త చేతులు కదా. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో ఇలాంటివి నేర్పే తీరు తల్లిదండ్రులకు చూపిస్తారు. ఒకసారి వెళ్లండి, ఇద్దరూ కలిసి.

18 నిండితే చట్టం లెక్కలో వాడు మేజర్. ఆ తర్వాత వాడి తరఫున బ్యాంకు, ఆస్తి పనులు చూడాలంటే మీరు చట్టబద్ధ సంరక్షకులుగా నియమితులు కావాలి. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి దరఖాస్తు పెట్టుకోండి. ఆ ట్రస్టుదే నిరామయ బీమా, ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిస్తుంది. వాడి వైకల్య ధ్రువీకరణ పత్రం సిద్ధంగా ఉంచుకోండి.

పాప విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ బరువు దాని నెత్తిన పెట్టే మాట ఇంట్లో ఎవరన్నా అక్కడే ఆపండి. పెద్దయ్యాక తనే ముందుకొస్తే అది వేరు.

సాయంత్రాలు అబ్బాయిని కొట్టుకు తీసుకెళ్లండి. సబ్బులు వరుసగా పేర్చడం, ఖాళీ అట్టపెట్టెలు మడవడం మీ పక్కనే నేర్చుకుంటాడు. రోజూ వచ్చే గిరాకీలకు పేరు చెప్పి పరిచయం చేయండి.